ఎరుపంటే పొమ్మనా, వద్దనా

సుందరవల్లి తన జీవితంలో ఏ పెద్ద విషయమూ తానుగా నిర్ణయించుకోలేదు. ఈ మాట ఆమెను తక్కువ చేయడానికి అనడం లేదు. ఎదురింటి వాళ్లతో, పక్కింటి వాళ్లతో ఆమే గొప్పగా చెప్పుకునే మాట ఇది. మగ్గం పెట్టాలన్నా, ఆవును అమ్మాలన్నా, కూతురికి సంబంధం ఖాయం చేయాలన్నా, అన్నూరు పక్కన తమ పల్లెలో ఉన్న రేణుకమ్మ గుడికి వెళ్లి పూవు అడిగేది. అమ్మ ఏం చెబితే అది చేసేది. ఆ తరవాత మంచి జరిగినా చెడు జరిగినా నోరెత్తేది కాదు.

"ఆమె చెప్పె, నేను చేస్తిని. ఇంక నాకేమి దిగులు?" అనేది.

యాభై నాలుగేళ్ల వయసులో ఇంత నిశ్చింతగా నిద్రపోయే మనిషి ఈ వీధిలో మరొకతె లేదని ఆమె పెద్దాడబిడ్డ లక్ష్మియమ్మాళ్ దెప్పుతూ ఉండేది. ఆ దెప్పడంలో కొంచెం అసూయ కూడా ఉండేది. లక్ష్మియమ్మాళ్ కూడా అదే అమ్మను నమ్మింది, కానీ ఆమెకు నిద్ర పట్టదు.

పూవు అడగడం పెద్ద తతంగమేమీ కాదు. పూజారి కరుప్పుసామి ఒక తెల్ల నందివర్ధనాన్ని, ఒక ఎర్ర గన్నేరును విడివిడిగా అరిటాకు ముక్కల్లో చుట్టి, నారతో కట్టి, రెండు పొట్లాలనూ అమ్మ పాదాల దగ్గర కలిపేస్తాడు. అడిగే మనిషి తన ప్రశ్నను మనసులో చెప్పుకుని, కళ్లు మూసుకుని ఒక పొట్లం తీసుకోవాలి. గుడి వెనక్కి వెళ్లి ఒంటరిగా విప్పి చూసుకోవాలి. చూశాక పూవును గోడ మొదట్లో వదిలేసి, అటు నుంచి అటే ఇంటికి పోవాలి. అడిగిన సంగతి గానీ, వచ్చిన పూవు రంగు గానీ నోట రాకూడదు. వస్తే వాక్కు చెడిపోతుందని ఆ ఊరి నమ్మకం. అందుకే ముప్పై నాలుగేళ్లుగా సుందరవల్లి అడిగిన పూలన్నీ ఆమెకూ అమ్మకూ మధ్యే ఉండిపోయాయి.

ఆ బుధవారం పొద్దున ఆమె కోయంబత్తూరు నుంచి మొదటి బస్సుకే వచ్చి గుడి ముందు నిలబడింది. భర్త ముత్తుసామి ఆదివారం నుంచి కోయంబత్తూరులో ఒక పెద్ద ఆస్పత్రిలో ఉన్నాడు. గుండెకు పోయే రక్తనాళాలు మూడు మూసుకుపోయాయని, శుక్రవారం ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు. చేయకపోతే ఎన్నాళ్లుంటాడో చెప్పలేనన్నాడు. చేసినా అరవై మూడేళ్ల మనిషి, పైగా షుగరు, పూర్తి హామీ ఇవ్వలేనన్నాడు. ఒప్పుకుంటున్నట్టు భార్య సంతకం గురువారం మధ్యాహ్నంలోగా కావాలన్నాడు.

కొడుకు అశ్విన్ అక్కడికక్కడే కాగితం ఆమె చేతికిచ్చాడు. కోయంబత్తూరులోనే పంపుల కంపెనీలో మెషీన్ ఆపరేటరు వాడు, ఏదైనా మీట నొక్కితే జరిగిపోవాలంటాడు.

"అమ్మా, డాక్టర్ చెప్పె గదా. ఇంక ఎవరిని అడగాల?"

"అడగాల్సిన ఆమెను అడిగి వస్తా. నువ్వు నాయన కాడ ఉండు" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

మోకాళ్ల నొప్పులతో నడవలేకపోయినా లక్ష్మియమ్మాళ్ కూడా గుడికి వచ్చింది. తమ్ముడి ప్రాణం మరి. మెట్ల దగ్గరే కూలబడి కొంగుతో విసురుకుంటోంది. సుందరవల్లి లోపలికి వెళ్లి, 'ఆపరేషన్ చేయించమంటావా తల్లీ' అని మనసులో అడిగి, పొట్లం తీసుకుని వెనక్కి వెళ్లింది. నార ముడి ఊడి రాలేదు. పళ్లతో కొరికి విప్పింది.

తెల్ల పూవు.

ముప్పై నాలుగేళ్లుగా తప్పని నియమం ఆ క్షణాన తప్పింది. నాలుగు రోజులుగా గుండెల మీద ఉన్న బరువు ఒక్కసారి దిగిపోయేసరికి ఒళ్లు తెలియలేదామెకు. పూవును అరచేతిలో పెట్టుకుని గుడి చుట్టూ తిరిగి మెట్ల దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చింది.

"వదినె! తెలుపు! తెలుపు వచ్చె వదినె! మామకు ఏమీ కాదు!"

లక్ష్మియమ్మాళ్ విసురుకోవడం ఆపేసింది. పూవునూ, మరదలి ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. ముసలామె ముఖం నల్లబడిపోయింది.

"ఏమి అమ్మిణీ, పిచ్చి పట్టెనా నీకు? తెలుపు వస్తే నవ్వుతా ఉండావే?"

"నవ్వక?"

"తెలుపంటే వద్దని గదా అర్థం! ఆపరేషన్ వేండాం అంటా ఉండాది అమ్మ!"

సుందరవల్లి ఇంకా నవ్వుతూనే ఉంది. ముసలామె కంగారులో తడబడిందనుకుంది. "లేదు వదినె, తెలుపంటే సరి అని. ఎరుపంటే గదా వద్దని" అని, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"ఎవరు చెప్పిరి నీకు?"

ఎవరు చెప్పారంటే ఏం చెబుతుంది? ఎవరూ చెప్పలేదు. ఆండిపట్టి పక్కన తన పుట్టినూళ్లో చిన్నప్పటి నుంచి చూసిందే. అక్కడ పూవు అడిగితే ఇక్కడిలాగా గుట్టుగా అడగరు. ఊరంతా చేరి, ప్రశ్నను గట్టిగా చెప్పి, పొట్లాన్ని అందరి ముందూ విప్పుతారు. తెల్ల పూవు కనబడిందా, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ కులవలు వేస్తారు, మొగవాళ్లు కేకలు వేస్తారు. తెలుపంటే పాలు, తెలుపంటే చల్లదనం, అమ్మ శాంతంగా ఉంది, ముందుకు పొమ్మంటోంది అని. ఎరుపంటే నెత్తురు, అమ్మ కోపంగా ఉంది, ఆగమంటోంది అని. ఇరవై ఏళ్ల వయసులో పెళ్లై ఈ ఊరికి వచ్చినప్పుడు అవే రెండు రంగులు, అవే అరిటాకులు కనిపించాయి. అర్థం కూడా అదేననుకుంది. రంగు మాట నోట రాకూడని ఊళ్లో అడిగి తెలుసుకునే దారి ఎక్కడుంది?

"ఈడ ఎరుపంటే కుంకుమ అమ్మిణీ. అమ్మ నొసట ఉండే కుంకుమ. అమ్మ ఒప్పె అని అర్థం. తెలుపంటే ముండమోపి కట్టే చీర. నా పెండ్లికి ముందు మాయమ్మ చెప్పి పంపె నాకు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అత్తగారు కోడలికి కూరలో ఎంత చింతపండు వేయాలో చెప్పింది, ఏ గిన్నె ఎక్కడ బోర్లించాలో చెప్పింది, ఇది చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతిని ఎవరికైనా చెప్పాలన్న ఊహే మనుషులకు రాదు కదా.

ఇద్దరూ కరుప్పుసామి దగ్గరికి పోయారు. ఆయన హారతి పళ్లెం తుడుచుకుంటున్నాడు. సంగతి విని పళ్లెం కింద పెట్టేశాడు.

"అమ్మ ఈ ఊరి అమ్మ. కాబట్టి ఈ ఊరి లెక్కే. తెలుపంటే వద్దనే" అని తీర్పు చెప్పాడు.

"అట్లా కాదు పూసారీ," అంది సుందరవల్లి. "నా మనసులో ఉండేది అమ్మకు తెలియదా? నేను తెలుపును సరి అనుకుంటానని ఆమెకు తెలిసి ఉండే గదా ఇచ్చుండాది?"

కరుప్పుసామి గడ్డం గోక్కున్నాడు. "అదీ న్యాయమే. అడిగేది నువ్వు. నీ లెక్క ప్రకారమే ఇచ్చుండొచ్చు." కాసేపు ఆలోచించాడు. "అయితే పూ కట్టింది నేను గదా. నేను నా లెక్కలో కడితిని." ఇంకాసేపు ఆలోచించాడు. "నాకు తెలీలేదు తల్లీ."

"ఇంకొక తూరి అడగనా?"

"ఒక సంగతికి ఒక తూరే. మళ్లీ అడగాలంటే పున్నమి దాటాల."

పున్నమికి పదకొండు రోజులుంది. సంతకానికి ఒక్క రోజుంది. లక్ష్మియమ్మాళ్ మెట్ల మీదే తల పట్టుకుని కూర్చుంది. సుందరవల్లి ఆమెను ఆటో ఎక్కించి ఇంటికి పంపి, తాను కోయంబత్తూరు బస్సెక్కింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బయట ఏముందో ఆమెకు కనిపించలేదు. ఇన్నాళ్లూ అడిగిన పూలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకుని, ప్రతిదాన్నీ తిరగేసి చూసుకోవడం మొదలుపెట్టింది.

పెళ్లైన ఏడాదికి, ముత్తుసామి ఉమ్మడి సేద్యం వదిలి కోయంబత్తూరు మిల్లులో చేరనా అన్నాడు. అడిగితే తెలుపు వచ్చింది. పొమ్మంది. అంటే అమ్మ నిజానికి వద్దందా? మిల్లు ఏడేళ్లకు మూతబడింది. అందుకే వద్దందేమో. కానీ ఆ మిల్లులోనే గదా ఆయన మగ్గాల మరమ్మతు నేర్చుకున్నాడు? ఆ పనితోనే గదా అన్నూరు చుట్టుపక్కల మగ్గాల షెడ్లన్నీ ఈ రోజుకూ ఆయన్నే పిలుస్తున్నాయి? పొలంలోనే ఉండి ఉంటే, ఆ పొలంలో బోరు ఎండిపోయి పదేళ్లైంది. మరి వద్దని ఎందుకనాలి?

కూతురు నిత్యకు ఒట్టన్‌చత్రం నుంచి సంబంధం వచ్చింది. కూరగాయల మండీ వాళ్లు, మంచి ఇల్లు, పిల్లవాడూ బాగున్నాడు. ఎరుపు వచ్చింది. వద్దని చెప్పించింది. వాళ్ల ముందు తల కొట్టేసినట్టైంది. ఈ ఊరి లెక్కలో ఎరుపంటే చేసుకోమని. నిత్యను అన్నూరులోనే ఇచ్చారు. అత్తతో దినం తప్పితే దినం పోట్లాట, మొగుడు మాత్రం బంగారం. ఒట్టన్‌చత్రంలో అత్త బంగారమై, మొగుడితో పోట్లాట అయి ఉండేదా? ఎవరికి తెలుసు?

ఆవు సంగతి మరీ చిక్కు. తెలుపు వచ్చిందని అమ్మేసింది. కొన్నవాడి ఇంట్లో ఆ ఆవు రెండు పెయ్యదూడలు వేసింది. అయ్యో, అమ్మవద్దనే గదా అమ్మ చెప్పింది అనుకుంది. వెంటనే, అదే ఆవు ఆ కొన్నవాణ్ణి తన్ని రెండు పక్కటెముకలు విరగ్గొట్టిన సంగతి గుర్తొచ్చింది. ఆ తన్ను ముత్తుసామికి తగిలి ఉండేదేమో. అలాగైతే అమ్మమనే చెప్పినట్టు. ఏ రంగు ఏమిటో, ఏ మాట ఎవరిదో, తల తిరిగిపోయింది. ఆమె చదివింది ఐదో క్లాసు. కానీ ఎంత చదివిన వాళ్లకైనా ఈ లెక్క తెగేది కాదు.

తరవాతి పూవు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆలోచన టక్కున ఆగిపోయింది. కిటికీ కమ్మీ గట్టిగా పట్టుకుంది.

మణికంఠన్.

ఆమె తొలిచూలు బిడ్డ. నాలుగేళ్ల వాడికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చి, రెండో రోజుకు ముఖమంతా ఎర్రటి పొక్కులు లేచాయి. అమ్మవారు పోసిందన్నారు. అమ్మవారు ఒంటి మీద ఉన్న బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోవాలంటే అమ్మ సెలవు కావాలి, లేకపోతే ఆమెకు కోపం వస్తుందని అప్పట్లో అందరూ నమ్మేవారు. మూడో రోజు పొద్దున బిడ్డ ఊపిరి ఎగదీస్తుంటే, ముత్తుసామి వాణ్ణి తువ్వాలులో చుట్టి భుజాన వేసుకుని గుడి దగ్గరికి తెచ్చాడు. అన్నూరు బస్సుకు ఇంకా టైముంది. సుందరవల్లి పూవు అడిగింది.

ఎరుపు వచ్చింది.

'వద్దు, ఇంటికి పోదాం' అంది మొగుడితో. మరునాడు మధ్యాహ్నం వరకూ వేపమండలతో విసురుతూ బిడ్డ పక్కనే కూర్చుంది. తరవాత విసరవలసిన పని లేకపోయింది.

ఆమె అప్పుడు ఏడవలేదు. అమ్మ తీసుకున్న బిడ్డ కోసం ఏడిస్తే అమ్మ మీద ఫిర్యాదు చేసినట్టని పెద్దవాళ్లు అన్నారు. ఆమె ఆ మాటను గట్టిగా పట్టుకుంది. నేను తీసుకుపోదామనే అనుకున్నాను, అమ్మే వద్దంది, అమ్మకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ ఒక్క మాట మీద నిలబడి అన్నం తింది, ఇద్దరు పిల్లల్ని కంది, పెంచింది, నవ్వింది, నిద్రపోయింది.

ఇప్పుడు లక్ష్మియమ్మాళ్ చెబుతోంది, ఎరుపంటే పొమ్మని.

బస్సు ఆస్పత్రి స్టాపు దాటి పోయిన సంగతి ఆమెకు తెలియలేదు. గాంధీపురం బస్టాండులో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి భుజం తట్టాడు. ఎండలో అక్కడి నుంచి ఆస్పత్రి దాకా నడిచే వచ్చింది. దారిలో రెండుసార్లు రోడ్డు తప్పింది.

సాయంత్రం నాలుగింటికి చూడనిచ్చే వేళ. అశ్విన్‌ను టీ తాగి రమ్మని పంపి, స్టూలు లాక్కుని మొగుడి మంచం పక్కన కూర్చుంది. ముత్తుసామి రెండు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. చేతికి సూది, మంచం పక్కన గీతలు గీస్తున్న పెట్టె. మనిషి సగమైపోయాడు.

"ఏమి వల్లీ, అమ్మ ఏమి చెప్పె?" అన్నాడు, తెలిసిన సంగతే అడుగుతున్నట్టు.

గుండె జబ్బు మనిషితో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో ఆమె దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చింది. అదంతా ఎటు పోయిందో పోయింది. తెల్ల పూవు సంగతి చెప్పింది, వదినె మాట చెప్పింది, పూజారి గడ్డం గోక్కోవడం కూడా చెప్పింది. మణికంఠన్ పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

ముత్తుసామి పైకప్పు కేసి చూస్తూ ఉన్నాడు. ఆశ్చర్యపోలేదు. ఆయన ఆశ్చర్యపోకపోవడం చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"మామా. వింటా ఉండావా?"

"వింటా ఉండా. ఆ పొద్దు వచ్చింది ఎరుపు. నేను చూస్తిని."

"ఎట్ల చూస్తివి?"

"బిడ్డ ఏడుస్తా ఉంటే ఎత్తుకుని గుడి పక్కకు వస్తిని. నువ్వు గోడ కింద పారేస్తివే, ఎర్ర గన్నేరు. సరి, అమ్మ ఒప్పె, బస్సుకు పోదామని తువ్వాలు సర్దుకుంటిని. నువ్వు వచ్చి ఇంటికి పోదాం అంటివి."

సుందరవల్లి స్టూలు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"నాకు ఏమీ అర్థం కాలేదు. అమ్మ పొమ్మంటే ఇది వద్దంటా ఉండాదే, నాకు తెలీనిది దీనికి ఏమో తెలుసునేమో అనుకుంటిని. వాడు పోయినాక నీ మీద కోపం వచ్చె. చంపేంత కోపం. ఏడాది నేను మిల్లు క్వార్టర్స్‌లోనే పడుకుంటిని, నీతో మాట కూడా లేదు, గుర్తుండాదా?"

గుర్తుంది. బిడ్డ పోయిన దుఃఖం అనుకుంది. తాను చూసినప్పుడల్లా ఆయన ముఖం తిప్పుకునేవాడు. మొగవాడు ఏడుపు చూపించలేక అలా చేస్తున్నాడనుకుని ఊరుకుంది.

"ఆ పైఏడు మీ తమ్ముని పెండ్లికి ఆండిపట్టి పోతిమి. ఆడ ఏదో పూ అడిగిరి. తెలుపు వచ్చె. అందరూ కులవలు వేస్తా ఉండారు. నువ్వూ వేస్తా ఉండావు. అప్పుడు తెలిసె నాకు."

"అప్పటి నుంచి తెలుసునా నీకు?"

"తెలుసు."

"ఇరవై ఏడేండ్లు?"

ముత్తుసామి తల ఊపాడు.

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు. మంచం మీద సూదులతో పడి ఉన్న మనిషి మీదా, గుళ్లో కూర్చున్న అమ్మ మీదా, చింతపండు లెక్క చెప్పి ఇది చెప్పకుండా పోయిన అత్త మీదా? "ఎందుకు చెప్పలేదు? ఇన్ని తూర్లు నేను పూ అడిగితిని గదా. నిత్య పెండ్లికి అడిగితిని, ఆవుకు అడిగితిని. తలకిందులుగా చేస్తా ఉంటే నువ్వు చూస్తా కూర్చుంటివా?"

"చెప్పి? ఒక దానికి చెప్తే వాని సంగతి కూడా తెలిసిపోదా నీకు? నువ్వు బావిలో పడి ఉందువు." పెట్టె మీది గీతలు వేగంగా కదలడం చూసి ఆమె భయపడి ఆయన చేయి పట్టుకుంది. "ఇంకొకటి వల్లీ. నీకు తెలీదు, సరి. నాకు తెలుసు గదా, ఎరుపంటే పొమ్మని? బిడ్డ నా భుజం మీదే గదా ఉండె? నువ్వు వద్దన్నా నేను ఎత్తుకుని పోయి ఉండొచ్చు. ఎందుకు పోలేదు? నాకూ భయం. ఆస్పత్రిలో పోతే నేనే చంపినట్టు అవుతుందని భయం. నువ్వు వద్దంటే, నాకు లోపల ఒక మూల నెమ్మదిగా ఉండె. ఇది ఎవరికీ చెప్పలేదు నేను."

పక్క మంచం ముసలాయనకు ఎవరో బత్తాయి రసం తాగిస్తున్నారు.

"అయితే అమ్మ ఏమి చెప్పె మామా, ఆ పొద్దు?" అని అడిగింది సుందరవల్లి చివరికి. చిన్నపిల్లలాగా అడిగింది. "పొమ్మనెనా, వద్దనెనా?"

"నాకు తెలీదు."

"ఇప్పుడు ఏమి చెప్పె?"

"అదీ తెలీదు." ముత్తుసామి ఆయాసం తీర్చుకుని అన్నాడు. "ఒకటి మాత్రం చూస్తిని. ఇన్నేండ్లు నువ్వు తప్పుగానే అడిగితివో, సరిగానే అడిగితివో, మనం బతికే ఉండాము. మిల్లు మూసినప్పుడు బతికితిమి. బోరు ఎండినప్పుడు బతికితిమి. నిత్య పుట్టె, అశ్విన్ పుట్టె. పూ తలకిందులైనా ఆమె మనల్ని విడవలేదు. అది చాలు నాకు. నువ్వు సంతకం పెట్టు. వద్దనుకుంటే వద్దను. ఏది చేసినా నువ్వు చెప్పు, అమ్మ చెప్పె అనకు. ఈ తూరి నువ్వు చెప్పు."

చూడనిచ్చే టైము అయిపోయిందని నర్సు వచ్చి చెప్పింది. సుందరవల్లి లేచి వరండాలోకి వచ్చింది. సంచిలోంచి కాగితం తీసింది. సంతకం పెట్టే చోట అశ్విన్ పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఉంచాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. అలవాటుగా కళ్లు మూసుకుంది. అలవాటుగా అమ్మను పిలిచింది. పిలిచాక ఏం అడగాలో తోచలేదు.

తల్లీ, నువ్వు నాతో ఇన్నేళ్లూ ఏం మాట్లాడావో నాకు ఇప్పుడు తెలియడం లేదు, అంది మనసులో. నువ్వు పొమ్మంటే నేను ఉండిపోయానేమో. నువ్వు ఉండమంటేనే ఉన్నానేమో. ఆ బిడ్డను నువ్వు తీసుకున్నావో, నేను పోగొట్టానో, నాకు ఎవరు చెబుతారు? నీ మీద కోపంగా ఉంది. నువ్వు లేవని అనుకుందామన్నా కుదరడం లేదు, కోపం వచ్చినప్పుడు కూడా నీతోనే మాట్లాడుతున్నాను. ఈ సంతకం నేను పెడుతున్నాను. ఇది నీ మాట కాదు, నా మాట. తప్పైతే నాదే. నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదు. ఆయన్ను లోపలికి తీసుకుపోయినప్పుడు నేను ఆ తలుపు దాటి పోలేను. నువ్వు పో.

నర్సుల బల్ల దగ్గర పెన్ను అడిగి తీసుకుంది. తమిళ అక్షరాల్లో, ఒక్కొక్కటీ కుదురుగా, తన పేరు పూర్తిగా రాసింది. అమ్మ చెప్పిందని ఏ పని చేసినా ఇంత భయం వేయలేదామెకు.

శుక్రవారం పొద్దున ఏడింటికి ముత్తుసామిని లోపలికి తీసుకుపోయారు. లక్ష్మియమ్మాళ్ కూడా మోకాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి వరండాలో కుర్చీలో కూర్చుంది. తెలుపు వచ్చాక సంతకం ఎట్లా పెట్టావని ఒక్కసారి అడిగింది. మరదలి ముఖం చూసి రెండోసారి అడగలేదు. అశ్విన్ కాఫీలు తెచ్చాడు, చల్లారిపోయాయి. ఎనిమిదైంది, తొమ్మిదైంది, పదకొండైంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురూ లేచి నిలబడ్డారు, వచ్చింది మరెవరికోసమో అని తెలిసి మళ్లీ కూర్చున్నారు. సుందరవల్లి పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆమె ప్రార్థిస్తోందో, తిడుతోందో లక్ష్మియమ్మాళ్‌కు తెలియలేదు. సుందరవల్లికీ సరిగ్గా తెలియదు.

పన్నెండున్నరకు డాక్టరు బయటికి వచ్చాడు. అంతా సవ్యంగా జరిగిందన్నాడు. సాయంత్రానికి స్పృహ వస్తుందన్నాడు. అశ్విన్ డాక్టరు చేతులు పట్టుకుని వదల్లేదు. లక్ష్మియమ్మాళ్ ఎర్ర పూవు, తెల్ల పూవు అన్నీ మరిచిపోయి అమ్మకు దండం పెట్టింది.

సుందరవల్లి గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఆగలేదు. మొదట భుజాలు కదిలాయి. తరవాత గొంతులోంచి ఒక కేక వచ్చింది, వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. గుండెలు బాదుకుంటూ, నేల మీద చేతులు కొడుతూ, వీధిలోంచి శవాన్ని ఎత్తుకుపోయేటప్పుడు ఏడ్చే ఏడుపు ఏడ్చింది. అశ్విన్ బిత్తరపోయాడు. "అమ్మా, నాయన బాగుండాడు! విన్నావా? బాగుండాడు!" అని భుజాలు పట్టి ఊపాడు. ఆమె వినలేదు. లక్ష్మియమ్మాళ్ ఒక్క క్షణం చూసి, ఏదో తెలిసినట్టు కుర్చీలోంచి దిగి, ఆ మోకాళ్లతోనే నేల మీద ఆమె పక్కన కూర్చుంది.

లోపలి నుంచి ఒక నర్సు పరుగెత్తుకొచ్చి ముందు వంగి, ఆయన క్షేమంగా ఉన్నారమ్మా, ఇప్పుడెందుకు ఏడుస్తారు అని తమిళంలో అడిగింది.

"వానికి నాలుగేండ్లే తల్లీ" అంది సుందరవల్లి.